రాత్రి పన్ను నొప్పి మొదలైతే డెంటిస్ట్ దగ్గరికి పోయేదాకా ఏం చేయాలి

పన్ను నొప్పి పగలంతా సన్నగా ఉండి, రాత్రి పడుకోగానే ఎక్కువవుతుంది. దానికి కారణం ఉంది. పన్ను లోపల నరం, సన్నటి రక్తనాళాలు ఉండే మెత్తటి గుజ్జు ఉంటుంది. పుచ్చు అక్కడిదాకా దిగితే ఆ గుజ్జు వాస్తుంది. చుట్టూ ఉన్న పన్ను గట్టిది, సాగదు. కాబట్టి ఆ వాపు ఒత్తిడి మొత్తం నరం మీదే పడుతుంది. పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువగా చేరి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

హన్మకొండలోనో కాజీపేటలోనో ఉన్నవాళ్లకు తెల్లారితే డెంటిస్ట్ దొరుకుతారు. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు ఊళ్లలో ఉన్నవాళ్లకు అంత సులువు కాదు. శనివారం రాత్రి నొప్పి మొదలైతే టౌన్‌లో ఉన్నవాళ్లు కూడా సోమవారం దాకా ఆగాల్సి రావచ్చు. ఆ మధ్య సమయాన్ని ఎలా దాటాలో ఇక్కడ చెబుతున్నాను. నేను మెడికల్ షాపు నడుపుతాను. రాత్రి షాపు కట్టేసే వేళకు బుగ్గ పట్టుకొని వచ్చేవాళ్లు ఏం అడుగుతారో, అప్పటికే పన్ను మీద ఏమేం పెట్టుకొని వస్తారో చూస్తూ ఉంటాను కాబట్టి, చేయకూడని వాటి గురించి కూడా వివరంగానే రాస్తున్నాను.

ముందు ప్రమాదం ఉందేమో చూసుకోండి

గోలీ వేసుకునే ముందు అద్దం ముందు నిలబడి, ఫోన్ లైటు వేసి ముఖం, నోరు చూసుకోండి. బుగ్గ వాపు కంటి కిందికో, దవడ కింద మెడ వైపుకో పాకుతోందా? నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదా? ఉమ్ము మింగడం కష్టంగా ఉందా? గొంతు మారిందా, నాలుక పైకి లేచినట్టు అనిపిస్తోందా, చలిజ్వరం వచ్చిందా? వీటిలో ఏది ఉన్నా ఇంటి వైద్యం వద్దు. పంటి చీము మెడలోకి దిగితే ఊపిరి ఆడే దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది. వెంటనే 108కి ఫోన్ చేయండి. వరంగల్ చుట్టుపక్కల వాళ్లు ఎంజీఎం దవాఖాన ఎమర్జెన్సీకి, దూరం వాళ్లు దగ్గర్లోని జిల్లా సర్కారు దవాఖానకు అర్ధరాత్రయినా సరే పోవాలి. ఆ వేళకు పంటి డాక్టర్ లేకపోయినా ఫరవాలేదు. ఊపిరికి ఇబ్బంది లేకుండా చూడటం, రక్తనాళంలోకి యాంటీబయాటిక్ ఎక్కించడం అక్కడి డ్యూటీ డాక్టర్లు మొదలుపెడతారు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. గుండె నొప్పి కొందరిలో కింది దవడకు పాకుతుంది. మెట్లు ఎక్కినప్పుడు, బరువు మోసినప్పుడు దవడ లాగుతుంటే, ఛాతీ బరువుగా ఉంటే, చెమటలు పడుతుంటే, ఆయాసం వస్తుంటే అది పన్ను అనుకొని కూర్చోకండి. షుగర్ ఉన్నవాళ్లు, యాభై దాటినవాళ్లు దీన్ని ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. ముందు ఈసీజీ తీయించుకోండి, పన్ను సంగతి తర్వాత.

ఇవేవీ లేవంటే, నొప్పి పన్ను దగ్గరే ఉందంటే, కింద చెప్పిన వరుసలో చేయండి.

మొదట నోరు శుభ్రం చేసుకోండి

చాలాసార్లు నొప్పిని రేపేది పళ్ల మధ్య ఇరికిన తిండే. మక్క కంకి పొట్టు, మటన్ పీచు, జామ గింజ, మామిడి పీచు పుచ్చు సందులోకి దిగి చిగురును నొక్కుతూ ఉంటాయి. గోరువెచ్చటి నీళ్లు నోట్లో పోసుకొని ఆ పన్ను వైపు గట్టిగా పుక్కిలించండి. తర్వాత మెత్తటి బ్రష్‌తో మెల్లగా తోమండి. నొప్పి ఉందని ఆ వైపు తోమడం మానేస్తే పాచి పేరుకొని చిగురు ఇంకా వాస్తుంది. పళ్ల మధ్య ఇరికినదాన్ని తీయడానికి ఫ్లాస్ అనే దారం మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. దాన్ని పళ్ల మధ్యకు మెల్లగా దింపి, పంటికి ఆనించి పైకి లాగాలి. కుట్టు దారం చిగురును కోస్తుంది. అగ్గిపుల్ల లోపల విరుగుతుంది. ఇక పిన్నీసుతో పుచ్చులో గెలకడం గురించి చెప్పేదేముంది, అది నేరుగా నరానికే తగలొచ్చు.

శుభ్రం అయ్యాక ఉప్పు నీళ్లు. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ఉప్పు చాలు. అర నిమిషం ఆ వైపు ఉంచి ఉమ్మేయండి, మింగకండి. రోజుకు మూడు నాలుగు సార్లు, ముఖ్యంగా తిన్న తర్వాత చేయండి. చిగురు వాపుకు, జ్ఞాన దంతం చుట్టూ వచ్చే నొప్పికి ఇది బాగా పనిచేస్తుంది. పన్ను లోపలి నరం నొప్పికి మాత్రం ఇది ఒక్కటే సరిపోదు.

బుగ్గ మీద చల్లదనం

ఐస్ ముక్కలను రుమాలులో చుట్టి, నొప్పి ఉన్నవైపు బుగ్గ మీద పావుగంట పెట్టండి. పావుగంట తీసేయండి. మళ్లీ పెట్టండి. ఐస్‌ను నేరుగా చర్మానికి ఆనించకూడదు, పన్ను మీద పెట్టకూడదు. ఫ్రిజ్ లేకపోతే కుండ నీళ్లలో తడిపిన గుడ్డ అయినా కొంత పనిచేస్తుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు ప్రేమతో ఇటుక ముక్కో ఉప్పు మూటో వేడి చేసి కాపడం పెడతారు. వాపు ఉన్న బుగ్గకు కాపడం పెట్టకండి. లోపల చీము ఉంటే వేడికి రక్తం ఇంకా చేరి వాపు పెరుగుతుంది.

ఏ గోలీ, ఎంత, ఎవరికి వద్దు

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే కాబట్టి నింపాదిగా చదవండి.

పారాసిటమాల్ పెద్దవాళ్లలో చాలామందికి సురక్షితమైనది. డోలో, క్రోసిన్, కాల్పాల్ అన్నీ అదే మందు. డోలో 650 అయితే ఒకసారికి ఒకటి, మళ్లీ వేసుకోవడానికి కనీసం ఆరు గంటలు ఆగాలి, రోజుకు నాలుగు దాటొద్దు. 500 మిల్లీగ్రాముల గోలీ అయితే ఒకటో రెండో, అదే ఆరు గంటల తేడాతో, రోజు మొత్తం మీద ఆరు దాటకుండా చూసుకోండి. లివర్ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు, బాగా బక్కగా ఉన్నవాళ్లు ఇంత కూడా వేసుకోకూడదు, డాక్టర్‌ను అడగాలి. నొప్పి తట్టుకోలేక గంటకొక గోలీ మింగేవాళ్లుంటారు. పారాసిటమాల్ ఎక్కువైతే మొదటి రోజు ఏమీ తెలియదు, లివర్ దెబ్బతిన్న సంగతి తర్వాత బయటపడుతుంది.

పన్ను నొప్పికి ఇంకా బాగా పనిచేసేది ఐబుప్రొఫెన్. నొప్పితో పాటు వాపును కూడా తగ్గిస్తుంది. 400 మిల్లీగ్రాములు, అన్నం తిన్న తర్వాతే, ఎనిమిది గంటలకొకటి, రోజుకు మూడుకు మించొద్దు. ఇవి రెండూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి కాబట్టి, ఒకటి చాలనప్పుడు రెండూ కలిపి వేసుకోవచ్చు. పన్ను నొప్పికి ఈ జోడీ ఎంతో బలమైన నొప్పి మందులతో సమానంగానో ఇంకా మెరుగ్గానో పనిచేస్తుందని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ లాంటి సంస్థలు కూడా చెబుతున్నాయి. కాంబిఫ్లామ్‌లో ఈ రెండూ ఉన్నాయి: ఐబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 325. కాబట్టి కాంబిఫ్లామ్ వేసుకుంటే విడిగా ఐబుప్రొఫెన్ వద్దు. డోలో కూడా వేసుకోవాల్సి వస్తే అందులోని పారాసిటమాల్‌ను రోజు లెక్కలో కలుపుకోండి. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ కూడా ఐబుప్రొఫెన్ కుటుంబం మందులే. ఈ కుటుంబంలో రెండింటిని ఒకేసారి వేసుకుంటే నొప్పి రెట్టింపు తగ్గదు, కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్యలు మాత్రం వస్తాయి.

ఐబుప్రొఫెన్ కుటుంబం వద్దనాల్సినవాళ్లు చాలామందే ఉన్నారు. కడుపులో పుండ్లు ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, రక్తం పలచబడే గోలీలు వాడేవాళ్లు, ఇలాంటి గోలీలతో ఆయాసం వచ్చే ఉబ్బసం రోగులు, గర్భిణులు దీన్ని వాడకూడదు. వానాకాలంలో జ్వరం కూడా ఉండి అది డెంగీ ఏమో అన్న అనుమానం ఉంటే అస్సలు వద్దు, పారాసిటమాల్ ఒక్కటే వేసుకోండి. షాపులో గోలీ అడిగేటప్పుడు మీకున్న జబ్బులు చెప్పండి. చాలామంది చెప్పరు, మేం అడిగితే విసుక్కుంటారు. దయచేసి చెప్పండి.

ఆస్పిరిన్ గోలీని నలిపి పన్ను పక్కన పెట్టుకునే అలవాటు కొందరికి ఉంది. అది ఆమ్లం. చిగురు, బుగ్గ లోపలి చర్మం తెల్లగా కాలి పుండు పడుతుంది. గోలీ కడుపులోకి పోతేనే పనిచేస్తుంది.

లవంగం ఎలా వాడాలి

లవంగ నూనె నిజంగా పనిచేస్తుంది. దానిలోని యూజినాల్ నరాన్ని కొద్దిసేపు మొద్దుబారేలా చేస్తుంది. డెంటిస్టులు వేసే ఒక రకం తాత్కాలిక ఫిల్లింగ్‌లో కూడా ఇదే ఉంటుంది. కానీ వాడే తీరు ముఖ్యం. చిన్న దూది ఉండకు ఒకే ఒక్క చుక్క అద్ది, ఎక్కువైనది పిండేసి, పుచ్చు గుంతలో మాత్రమే పెట్టండి. చిగురుకు, నాలుకకు తగలనివ్వకండి, మంటపెట్టి పొక్కుతుంది. కొన్ని నిమిషాలయ్యాక దూది తీసేసి పుక్కిలించండి. నూనె దొరక్కపోతే ఒక లవంగాన్ని ఆ పన్ను పక్కన పెట్టుకొని మెల్లగా నమలండి. రోజుకు రెండు మూడు సార్లకు మించి వద్దు. చిన్న పిల్లలకు లవంగ నూనె అసలే వద్దు, మింగితే ప్రమాదం.

తిండి, పడక

రెండు వైపులా నమలడం మానేసి నొప్పి లేని వైపే నమలండి. గటుక, పెరుగన్నం, రాగి జావ, మెత్తటి కిచిడి లాంటివి తినండి. చాయ్ గోరువెచ్చగా అయ్యాక తాగండి. సంక్రాంతి సకినాలు, మురుకులు, మటన్ బొక్కలు కొన్నాళ్లు పక్కన పెట్టండి, పుచ్చి బోలుగా ఉన్న పన్ను సకినం కొరికితేనే చీలిపోవచ్చు. నిలువునా వేరుదాకా చీలిన పన్నును కాపాడటం డాక్టర్‌కు కూడా కష్టం. తీపి, కూల్ డ్రింక్, పుల్లటి పచ్చి పులుసు నొప్పిని రేపుతాయి. గోలీలు వేసుకున్న రోజు కల్లు, మందు ముట్టొద్దు.

పడుకునేటప్పుడు రెండు దిండ్లు పెట్టి తల ఎత్తుగా ఉంచండి. మొదట చెప్పిన ఒత్తిడి దీనివల్ల కొంత తగ్గుతుంది. రాత్రి గోలీని పడుకోవడానికి అరగంట ముందు పడేలా టైమ్ చూసుకుంటే కొన్ని గంటలైనా నిద్ర పడుతుంది.

ఫిల్లింగ్ ఊడిపోయినా, పన్ను విరిగి నాలుకకు గీసుకుంటున్నా, చక్కెర లేని చూయింగ్ గమ్‌ను మెత్తబరిచి ఆ అంచు మీద అద్దుకోవచ్చు. క్యాప్ ఊడితే పారేయకుండా డబ్బాలో పెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. ఇంట్లో ఉండే జిగురు రాసి అతికించుకోకండి.

ఇవి చేయకండి

జిల్లేడు పాలు పన్ను మీద పెట్టడం మన ఊళ్లలో ఇంకా ఉంది. ఆ పాలు చర్మాన్ని కాలుస్తాయి. చిగురు ఊడి పుండు పడ్డవాళ్లు ఉన్నారు. చేతికంటిన పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. బీడీలు చుట్టే ఇళ్లలో తంబాకు చేతికందేలా ఉంటుంది, దాన్ని నలిపి పన్నులో కుక్కుతారు. మొదటి రోజు మొద్దుబారి హాయిగా ఉంటుంది. అలా మొదలైన తంబాకు అలవాటు నొప్పి పోయాక కూడా నోట్లోనే ఉండిపోతుంది, నోటి క్యాన్సర్‌కు పెద్ద కారణం అదే. గుడుంబా పుక్కిలించడం, పెట్రోల్ దూది పెట్టడం కూడా చర్మాన్ని కాల్చేవే.

అంగడిలో కూర్చొని వాకుడు గింజల పొగ పట్టి పంటి పురుగు తీస్తామనేవాళ్ల దగ్గరికి పోకండి. పుచ్చు చేసేది కంటికి కనిపించే పురుగు కాదు. నోట్లోని బ్యాక్టీరియా మనం తిన్న తీపిని ఆమ్లంగా మార్చి పన్నును కరిగిస్తుంది. నోట్లోంచి తీసి చూపించే పురుగు ఏ పన్నులోంచీ వచ్చింది కాదు.

ఇక యాంటీబయాటిక్. షాపుకు వచ్చి "ఒక అమాక్సిసిలిన్ షీటు ఇవ్వండి, నొప్పి తగ్గుతది" అనేవాళ్లు ఎంతోమంది. వాపు, జ్వరం లేకుండా పన్ను మాత్రమే నొస్తుంటే యాంటీబయాటిక్ ఆ నొప్పిని తగ్గించదు. గుజ్జు చచ్చిపోయిన పన్నులోకి రక్తమే పోదు, మరి రక్తంలో పోయే మందు ఎట్లా చేరుతుంది? అందుకే పన్నును తెరిచి శుభ్రం చేయడమో, తీసేయడమో జరగాలి. జ్వరం, పాకే వాపు ఉన్నప్పుడు యాంటీబయాటిక్ అవసరమే, అది డాక్టర్ రాస్తే పూర్తిగా వాడాలి. షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ చీటీ లేకుండా వాడకూడని మందు అని గుర్తు. మెట్రొనిడజాల్ అనే యాంటీబయాటిక్ రాస్తే ఆ రోజుల్లో మందు, కల్లు తాగకూడదు. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే గంటల్లో హాయిగా ఉంటుంది నిజమే. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉంటే వాపు కనిపించకుండా అణుగుతుంది, లోపలి చీము అట్లాగే ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లకు షుగర్ ఎగబాకుతుంది. ఏం సూది వేశారో పేరు రాయించుకోండి.

పిల్లలకైతే

పిల్లలకు పారాసిటమాల్ సిరప్ బరువును బట్టి ఇవ్వాలి, వయసును బట్టి కాదు. కిలోకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగు సార్లకు మించకుండా. 12 కిలోల పిల్లకు 180 మిల్లీగ్రాములు అవుతుంది. 5 మి.లీ.లో 250 మిల్లీగ్రాములు ఉండే సిరప్ అయితే అది 3.6 మి.లీ. సీసా మీద 120, 125, 250 అని వేర్వేరు బలాలు ఉంటాయి, చదివి సిరంజితో కొలవండి, ఇంటి చెంచాతో వద్దు. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. నిమెసులైడ్ అనే నొప్పి మందును 12 ఏళ్లలోపు పిల్లలకు మన దేశంలో 2011లోనే నిషేధించారు.

పాలపళ్లే కదా ఊడిపోతాయి అని వదిలేయకండి. పాలపన్ను కింద అసలు పన్ను తయారవుతూ ఉంటుంది, చీము దానిదాకా చేరి పాడు చేయొచ్చు. ఇంకోటి, ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనక వచ్చే మొదటి దవడ పన్ను శాశ్వతమైనది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి తల్లిదండ్రులు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. అది పుచ్చి పీకాల్సి వస్తే మళ్లీ రాదు.

నొప్పి తీరును గుర్తుపెట్టుకోండి

డాక్టర్‌కు చెప్పడానికి ఇది పనికొస్తుంది. చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమని, కొన్ని సెకన్లలో పోతే నరం ఇంకా బతికే ఉంది, ఇప్పుడు డాక్టర్ దగ్గరికి పోతే చాలావరకు ఫిల్లింగ్‌తో అయిపోతుంది. జివ్వుమన్నది నిమిషాల తరబడి లాగుతుంటే, ఏమీ తగలకుండానే రాత్రి లేపుతుంటే నరం కోలుకునే దశ దాటిందని అర్థం, రూట్ కెనాల్ (పన్ను లోపలి గుజ్జు తీసి శుభ్రం చేసి మూయడం) కావాలి, లేదా పన్ను తీయాలి. వేడి తగిలితే ప్రాణం పోతూ చల్లటి నీళ్లు నోట్లో పట్టుకుంటేనే హాయిగా ఉంటే అది ఇంకా ముదిరింది. పన్ను పొడుగైనట్టు అనిపించి, పై పన్ను తగిలితేనే నొస్తుంటే వేరు కింద చీము చేరి ఉండవచ్చు. కొరికి వదిలినప్పుడు చురుక్కుమంటే చీలిక. జలుబు చేసి, వంగినప్పుడు పై దవడ పళ్లన్నీ కలిసి నొస్తుంటే అది సైనస్ కావచ్చు. పదిహేడు నుంచి పాతికేళ్లలోపు వాళ్లకు చివరి పన్ను మీది చిగురు వాచి నోరు పట్టేస్తుంటే జ్ఞాన దంతం.

నొప్పి దానంతట అదే పోతే

రెండు మూడు రోజులు ప్రాణం తీసిన నొప్పి ఒక పొద్దున హఠాత్తుగా పోతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. నరం చచ్చిపోయింది కాబట్టి నొప్పి ఆగింది. చచ్చిన గుజ్జులో బ్యాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది, నెలల తర్వాత చీముగా, వాపుగా బయటపడుతుంది. చిగురు మీద మొటిమలాంటిది వచ్చి చీము కారి తగ్గుతూ మళ్లీ వస్తూ ఉంటే అదీ ఇదే. నేను ఇంతగా చెప్పేది ఈ మాట కోసమే: నొప్పి తగ్గినా డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే, నొప్పి లేని రోజు కుర్చీలో కూర్చోవడం కూడా మీకే తేలిక.

ఎక్కడికి అంటే, ఎంజీఎంలోనూ జిల్లా సర్కారు దవాఖానల్లోనూ పంటి డాక్టర్లను అడగండి, ఓపీ సాధారణంగా పొద్దటి పూటే. నిజామాబాద్ వైపు వాళ్లకు అక్కడ డెంటల్ కాలేజీ ఉంది, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో సర్కారు డెంటల్ కాలేజీ ఉంది. పై పన్ను పీకితే కంటి చూపు పోతుందన్న భయం పెట్టుకోకండి. పంటి నరాలకూ చూపు నరానికీ సంబంధం లేదు. గర్భిణులు కూడా చూపించుకోవచ్చు, నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా అన్నిటికన్నా అనువు. ఎన్నో నెలో ముందే చెప్పండి.

పోయే రోజు ఖాళీ కడుపుతో పోకండి. టిఫిన్ తిని, బీపీ, షుగర్ గోలీలు ఎప్పటిలాగే వేసుకొని పోండి. రక్తం పలచబడే గోలీలను మీ అంతట మీరు ఆపొద్దు, వాడుతున్నామని చెబితే ఏం చేయాలో డాక్టర్ చూసుకుంటారు. ఇన్ని రోజులు వేసుకున్న గోలీల షీట్లు, చివరి గోలీ వేసుకున్న టైమ్, ఏ మందు పడదో రాసిన కాగితం వెంట పెట్టుకోండి.